పాఠం : తాళం పట్టుకుని ఎదురుచూస్తే

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు
• డెడ్‌లాక్ అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• రెయిడ్ డ్రైవర్‌లో అది ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• దాన్ని సవరించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తను గుర్తించగలుగుతారు.

1. మరమగ్గాల షెడ్డులో
తెలంగాణ నుంచి సూరత్ వెళ్లి మరమగ్గాలపై పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఒక షెడ్డును ఊహించుకోండి. మేస్త్రీ గోదాము తాళంచెవి జేబులో పెట్టుకుని, "ఈ గుడ్డ ముగిసేదాకా కదలను, చెవి ఎవరికీ ఇవ్వను" అని మగ్గం పక్కన కూర్చున్నాడు. గుడ్డ ముగియాలంటే నేతకార్మికునికి పేక నూలు కావాలి. నూలు తేవలసిన గుమాస్తాకు తాళంచెవి కావాలి. ముగ్గురూ పనికి సిద్ధమే. అయినా పని జరగదు. ఇదే డెడ్‌లాక్.

2. నాలుగు పరిస్థితులు
1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని డెడ్‌లాక్‌కు నాలుగు పరిస్థితులు చెప్పారు :
(అ) వస్తువు ఒకసారి ఒకరికే దక్కడం
(ఆ) ఒకటి పట్టుకుని మరొకదానికి ఎదురుచూడడం
(ఇ) బలవంతంగా లాక్కునే వీలు లేకపోవడం
(ఈ) ఎదురుచూపులు గొలుసుకట్టుగా చుట్టుకోవడం
ఇందులో ఒక్కటి లేకపోయినా డెడ్‌లాక్ ఏర్పడదు.

3. రెయిడ్ డ్రైవర్‌లో
అనేక డిస్కులను ఒకే డిస్కులా వాడే పద్ధతి రెయిడ్. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ దీనిని వివరించారు. రెయిడ్-5లో ఒక డిస్కు చెడినా సమాచారం నిలుస్తుంది. లినక్స్‌లో ఈ పనిని ఎం.డి. డ్రైవర్ చూస్తుంది.

డిస్కులను సరిచూసే పనిని మధ్యలో ఆపమని ఆజ్ఞ ఇచ్చారనుకోండి. ఆజ్ఞను అమలుచేసే ప్రాసెస్ అమరిక తాళాన్ని పట్టుకుని, సరిచూసే థ్రెడ్ ముగియాలని ఎదురుచూసింది. ఆ థ్రెడ్‌కు ఖాళీ బఫర్లు కావాలి. బఫర్లు ఖాళీ కావాలంటే నిర్వాహక థ్రెడ్ డిస్కుల స్థితిని నమోదు చేయాలి. దానికి అదే తాళం కావాలి. గొలుసు పూర్తయింది. ఆ డిస్కులపై రాయవలసిన ప్రోగ్రాములు నిలిచిపోయాయి.

4. సవరణ
తాళం వదిలి ఎదురుచూస్తే చాలు కదా అని మీకు తోచవచ్చు. మొదట అలాగే సవరించారు. కాని తాళం వదిలిన ఖాళీలో మరొక థ్రెడ్ అదే పనిలో జోక్యం చేసుకునే వీలు కలిగింది. అందువల్ల 2023లో ఆ సవరణను వెనక్కు తీసుకున్నారు. కొత్త పద్ధతిలో ఆజ్ఞ అమలుచేసే ప్రాసెస్ "ఆపు" అని సంకేతం మాత్రం ఇచ్చి, తాళం వదిలి, వేచి ఉంటుంది. ముగింపు పనిని నిర్వాహక థ్రెడ్ ఒక్కటే, తాళం తీసుకుని చేస్తుంది.

గుర్తుంచుకోండి : మీరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో, వారికి కావలసిన తాళం మీ చేతిలో ఉండకూడదు. తాళం వదిలితే, ఆ తరువాత పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. షెడ్డులో నిర్వాహక థ్రెడ్‌ను పోలినవారు ఎవరు?
2. కొత్త సవరణ నాలుగింటిలో ఏ పరిస్థితిని తొలగించింది?

జవాబులు : 1. గుమాస్తా. 2. (ఆ). దానితో (ఈ) కూడా తెగిపోయింది.