శరణుజొచ్చిన మూగప్రాణి

శ్రీమద్భాగవతము పంచమస్కంధమున భరతమహారాజు కథ కలదు. ఆంధ్రభాగవతమున ఈ స్కంధమును తెనిగించినది పోతనామాత్యుడు కాదు, గంగన. రాజ్యమును పుత్రులకు పంచియిచ్చి, భరతుడు గండకీనదీతీరమున పులహాశ్రమమును చేరి శ్రీహరి నర్చించుచుండెను. ఒకనాడాయన నది యొడ్డున జపము చేసికొనుచుండగా, నిండుచూలాలైన లేడి యొకటి నీరు త్రావవచ్చినది. సమీపమున సింహము గర్జించినది. లేడి బెదరి ఏటి మీదుగా దుమికినది. ఆ వేగమునకు గర్భము జారి పిల్ల నీట పడినది. తల్లి ఒక గుహలో పడి ప్రాణములు విడిచినది. ప్రవాహమున కొట్టుకొనిపోవు పసికూనను భరతుడు చేతులార ఎత్తి ఆశ్రమమునకు తెచ్చి పెంచెను.

తరువాతి కథ అందరెరిగినదే. లేడిపిల్లపై మమకారము పెరిగి ఆయన నియమములు ఒక్కొక్కటిగా జారిపోయినవి. పూజ మధ్యలో లేచి పిల్ల యెక్కడనున్నదోయని చూచుట, అది కనబడనిచో దుఃఖించుట నిత్యకృత్యమైనవి. అంత్యకాలమున దానినే తలచి, మరుజన్మమున తానే లేడియై పుట్టెను. పురాణ కాలక్షేపములలో ఈ కథను “లేడిని చేరదీసి భరతుడు చెడెను” అని ముగించుట పరిపాటి. విన్నవారిలో కొందరు, నోరులేని జంతువుల జోలికి పోకుండుటయే క్షేమమని భావించి ఇంటికి పోవుదురు.

కాని కథలో పిల్లను ఏటినుండి తీసిన ఘట్టమును చూడుడు. అక్కడ భరతుని చర్య కరుణగానే చెప్పబడినది. తన్ను తప్ప వేరు దిక్కెరుగని ప్రాణిని ఉపేక్షించుట దోషమని ఆయనయే తలపోయును. తప్పు రక్షణలో లేదు, రక్షణ హద్దు మీరి భగవదారాధనమునే మ్రింగివేయుటలో నున్నది. భరతుడు అతిశయమువైపు తప్పెను. నేటి గృహములలో తప్పు చాలవరకు రెండవ వైపుననే జరుగుచున్నది: ముచ్చటపడి తెచ్చుట, మూడు నెలలకు మరచుట, మూడేండ్లకు విడిచిపెట్టుట. ఇది భరతుని దోషము కాదు, దానికంటె తక్కువదియు కాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ప్రపత్తిని బోధించుటకు పెద్దలు రెండు న్యాయములను చెప్పుదురు. వడగలై వారిది మర్కటకిశోర న్యాయము. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. తెంగలై వారిది మార్జాలకిశోర న్యాయము. పిల్లికూన ఏమియు చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని పోవును. ఈ రెండింటి తారతమ్యము ఇక్కడ ప్రస్తుతము కాదు. అయితే జీవేశ్వర సంబంధమును తెలుపుటకు ఇంటి చుట్టు తిరుగు జంతువులనే ఆచార్యులు ఉదాహరణముగా గ్రహించిరి గనుక, ఆ ఉదాహరణమును ఆ జంతువుల యెడలనే ఒకసారి త్రిప్పి చూడవచ్చును.

వీధికుక్క కోతిపిల్ల వంటిది. తన తిండి తాను వెదకికొనును. ఎండ ముదిరినచో బండి క్రిందికో, కాలువ గట్టునకో పోవును. దాహమైనచో నీరున్న చోటు దానికి తెలియును. అదే కుక్కను తెచ్చి, ప్రహరీలోపల గొలుసుతో కట్టిన క్షణమున అది పిల్లికూన స్థితికి వచ్చినది. నీడకు పోలేదు, నీరు వెదకికొనలేదు, దెబ్బ తప్పించుకొనలేదు. దాని కాళ్లను మనము తీసికొంటిమి. కనుక దాని బరువంతయు మన నోటనే మోయవలెను. సగము దూరము మోసి నడుమ విడిచిన తల్లిపిల్లిని ఎవరైనను చూచిరా? పెంపకమనగా ఈ పూర్తి బరువు. దానిని ఎత్తుకొనలేనివారు తేకుండుటయే దయ.

ఈ విచారణ తెచ్చుటకు ముందే జరుగవలెను. హిమాలయములకో, ఆల్ప్స్ పర్వతములకో తగిన దట్టపు బొచ్చుగల కుక్కలను, సైబీరియా మంచులో బండ్లు లాగు జాతులను వేలకు వేలు పోసి కొని, వైశాఖమాసపు గుంటూరు ఎండలోనో రామగుండము ఎండలోనో కట్టివేయుట చూచుచునే యున్నాము. కుక్కకు మనిషివలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటవలననే దాని వేడి తగ్గును. నీడ, గాలి, నీరు మూడును లేనిచోట ఆ రొప్పుట చాలదు. మూసిన కారులో విడిచిన కుక్క కొలది నిమిషములలోనే ప్రాణాపాయ స్థితికి వచ్చును. వీధిలో పుట్టిన నాటుకుక్కపిల్ల ఈ వాతావరణమునకు తరతరములుగా అలవాటుపడినది. పిల్లలు కుక్క కావలెనని మారాము చేయునపుడు సంరక్షణకేంద్రమునుండి అట్టిదానిని తెచ్చుకొనుట ఖర్చు తక్కువయు, ఒక ప్రాణమునకు ఆశ్రయమును.

తెచ్చిన పిమ్మట పశువైద్యుని దర్శనము మొదటి పని. మూడు నెలల వయస్సున రేబిస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల మరల టీకా తప్పనిసరి. కరచిన సందర్భమున గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము, పసుపు పూసి ఇంట కూర్చుండుట మన పల్లెలలో ఇంకను పోలేదు. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత బ్రదికినవారు అత్యంత అరుదు. సంతాననిరోధక శస్త్రచికిత్సను కొందరు పాపమని సంకోచింతురు. ఏటేట పుట్టిన అయిదారు పిల్లలను గోనెసంచిలో పెట్టి సంతవద్ద విడుచుటకంటె అది పాపమగునా యని వారే ఆలోచింపవలెను.

ఆహారవిషయమున యాత్రికులకు ప్రత్యేకముగా ఒక మాట. తిరుమలనుండి తెచ్చిన లడ్డును ఇంటివారందరితోపాటు కుక్కకును ఒక తునుక పెట్టుట ప్రేమచేతనే జరుగును. లడ్డులోను, చక్కెరపొంగలిలోను ఎండుద్రాక్ష యుండును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండములను చెరుపగలవు. ఉల్లిపాయ రక్తమును చెరుచును. చాక్లెట్టు గుండెను, నరములను బాధించును. ఆవు సంగతియు ఇట్టిదే. పర్వదినమున గుడి ముందు నిలిచిన ఆవునకు పదిమంది పది దోసిళ్ల అన్నము, పొంగలి, బెల్లము పెట్టుదురు. గడ్డి అరిగించుకొనుటకు ఏర్పడిన దాని పొట్టలో అంత అన్నము ఒకేసారి చేరినచో పులిసి ఆమ్లమై, ఆవు పడిపోవుట, ఒకొకప్పుడు చనిపోవుటయు కలదు. గోవునకు పెట్టదలచినవారు పచ్చగడ్డి కట్ట కొని పెట్టుట మేలు. అన్నమును ప్లాస్టిక్ సంచితో సహా విసరుట మాత్రము ఎన్నడును తగదు. ఆ సంచులు పొట్టలో పేరుకొని ముద్దగట్టగా పశువైద్యులు కోసి తీసిన సందర్భములు అనేకము. కొండదారులలో కోతులకు అరటిపండ్లు విసరుటయు మేలు కాదు. అడవిలో మేత వెదకు ప్రాణి దారిప్రక్క కూర్చుండి బండ్ల క్రింద పడును.

పంజరపు చిలుక విషయము తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. భద్రాచల రామదాసు పూర్వజన్మమున చిలుకను పండ్రెండేండ్లు పంజరమున బంధించినందున గోలకొండ చెరలో పండ్రెండేండ్లు గడపెనని ఐతిహ్యము. మనదేశపు రామచిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. గోదాదేవి చేతిలో చిలుక యుండును గదా యని అడుగువారు కలరు. శ్రీవిల్లిపుత్తూరున అమ్మవారి చేతి చిలుకను దినదినము ఆకులతో క్రొత్తగా అల్లుదురు. దాని ముక్కు దానిమ్మపూవు.

ఇక ఆపదలోనున్న ప్రాణిని రక్షించు విషయము. గజేంద్రుని మొర విని శ్రీహరి సిరికైన చెప్పక పరుగెత్తి వచ్చుట మనకు కంఠపాఠము. అంత ఆతురత మనలో లేకున్నను, కొంత తెలివియుండుట అవసరము. బండి తగిలి పడియున్న కుక్క ఎంత సాధువైనను నొప్పిచేత కరవవచ్చును. మెత్తగా పలుకుచు సమీపించి, దుప్పటి కప్పి, బల్లమీదనో గట్టి అట్టమీదనో కదలకుండ చేర్చి తీసికొనిపోవలెను. స్పృహలేని ప్రాణి నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలో చేరును. గూటినుండి జారిన పక్షిపిల్లకు ఈకలు వచ్చియున్నచో అది ఎగురుట నేర్చుకొనుచున్నదని తెలిసికొనవలెను. తల్లిదండ్రులు దగ్గరనే యుందురు. పిల్లులకందకుండ కొమ్మమీద నుంచి తొలగిపోవుటే సహాయము. మనిషిచేయి తగిలిన పిల్లను తల్లి చేరనీయదనుట వట్టి మాట. పల్లెలలో పశువుల చికిత్సకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 1962 అను ఫోను సంఖ్యకు సంచార పశువైద్య వాహనములు పలుకును.

మన ప్రాంతమున ఈ సేవకై సంస్థలు చిరకాలముగా నున్నవి. మద్రాసున బ్లూక్రాస్ 1959లోను, హైదరాబాదున ఆ పేరుతోనే మరొక సంస్థ 1992లోను ఏర్పడినవి. అంతకుముందే 1953లో రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ మూగజీవుల పక్షమున ఒక బిల్లు ప్రవేశపెట్టిరి. 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. పెంపుడు ప్రాణిని ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట ఆ చట్టముచే నేరము. 1960లో దానికి వ్రాసిన శిక్ష తొలి తప్పునకు గరిష్ఠముగా యాభై రూపాయల జరిమానా. చట్టము వెల కట్టలేని దానిని మహాభారతము కట్టినది. తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథమెక్కుమని ఇంద్రుడనగా, నమ్మి వచ్చిన దానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు రథమెక్కుటకు నిరాకరించెను.

సంరక్షణకేంద్రములకు పండుగనాడు ఒక్కసారి ఇచ్చు పెద్ద విరాళముకంటె నెలనెల తప్పక వచ్చు చిన్న మొత్తము ఎక్కువ పనికివచ్చును. మందులు, మేత ప్రతిదినపు ఖర్చులు గదా. ధనము లేనివారు పాతదుప్పట్లు ఇయ్యవచ్చును. గాయము మానువరకు ఒక కుక్కను ఇంట ఉంచుకొనవచ్చును. గోశాలలకు గోవును సమర్పించువారు మరొక విషయము గమనింపవలెను. కఠోపనిషత్తున వాజశ్రవసుడు గడ్డిమేత, పాలపితుకుడు అన్నియు ముగిసిన ముసలి గోవులను దానముగా తోలుచుండగా చూచి బాలుడైన నచికేతునికి మనస్సు కలగినది. పాలు ఉడిగిన ఆవును, పనికిరాడని తలచిన కోడెదూడను “స్వామికి మ్రొక్కు” అని గోశాల ద్వారమున విడిచిపోవుట ఆ వాజశ్రవసుని దానమే. అది మ్రొక్కు కాదు, బరువు దించుకొనుట. సాకలేని స్థితి నిజముగా వచ్చినచో ముందుగా గోశాలవారినడిగి, చోటున్నదని తెలిసికొని, మేతకు తగిన ధనముతో సహా అప్పగించుట ఉచితము.

భాగవత సప్తమస్కంధమున గృహస్థధర్మములను చెప్పుచు నారదుడు లేడి, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగలను సైతము కన్నబిడ్డలవలె చూడవలెనని ధర్మరాజునకు బోధించెను. వీనిలో పెంపుడు జంతువులు రెండే! తక్కినవి మన ఇంటికి పిలువకయే వచ్చునవి. పిలువక వచ్చినవానికే అంత చెప్పిన ముని, పిలిచి తెచ్చి కట్టివేసిన దానికి ఎంత చెప్పునో!

యాత్రాకాలము ఈ ధర్మమునకు నిజమైన పరీక్ష. తిరుపతికో, శ్రీరంగమునకో, బదరికో బయలుదేరు కుటుంబము పాలవానికి, పత్రికవానికి చెప్పును. దీపము పెట్టుటకు పొరుగువారిని కోరును. కుక్క మాట చివరిక్షణమున జ్ఞాపకము వచ్చును. ఒక పళ్లెములో నాలుగు రోజుల అన్నము పోసి తలుపు మూసినచో అది మొదటిరాత్రికే పాచిపోవును, నీరు రెండవనాటికి ఒలికిపోవును. దూరయాత్రకు ముందే దానిని ఎరిగినవారిని ఒకరిని ఏర్పరచి, వారు వచ్చి రెండుమూడుసార్లు అన్నము పెట్టి అలవాటు చేయునట్లు చూడవలెను. తాళముచెవితో పాటు టీకాల పుస్తకమును, వైద్యుని ఫోను సంఖ్యను, కొంత పైకమును వారి చేత నుంచవలెను. ముసలిదో జబ్బుదో అయినచో ఇంటివారిలో ఒకరు ఆగిపోయి, మరుసటి యేట దర్శనమునకు పోవుదురు.