పోటీ పరీక్షల ప్రత్యేకం: చమురు బావిలో చూపూ, పట్టూ

1995 జనవరి 8. కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని మంటలు లేచాయి. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. బావి నుంచి గ్యాస్ ఇలా అదుపు తప్పి ఎగదన్నడాన్నే బ్లోఅవుట్ అంటారు. వరంగల్, హనుమకొండల్లో గ్రూప్స్‌కు చదువుతున్న మిత్రులు తేదీ దగ్గరే ఆగిపోవద్దు, కారణం పట్టుకోండి.

తవ్వేటప్పుడు బావిలోకి 'మడ్' అనే చిక్కటి ద్రవం పంపుతారు. దాని బరువే లోపలి గ్యాస్‌ను అణచి ఉంచుతుంది. ఆ బరువు కోసం కలిపేది బెరైటీస్, మన ముగ్గురాయి. పిడికెడు పొడి తీసుకుంటే అదే కొలత ఇసుక కన్నా బరువు తూగుతుంది. దీని సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైనే. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట దీనికి ప్రపంచ ప్రసిద్ధం. పరీక్షలో ఈ ఖనిజంపై వచ్చే ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి.

మడ్ ఓడితే బావి నోరు మూసేది బ్లోఅవుట్ ప్రివెంటర్. రెండు ఉక్కు దిమ్మెలు చెరో వైపు నుంచి వచ్చి గొట్టాన్ని బిగిస్తాయి. 1922లో అమెరికాలో అబెర్‌క్రోంబీ, కామెరాన్ రూపొందించారు.

ఇదంతా పట్టు; ఇక చూపు సంగతి. భూగర్భ సెన్సింగ్‌కు మైలురాయి 1927: ఫ్రాన్స్‌లో ష్లంబర్జర్ సోదరుల విద్యుత్ లాగింగ్, అంటే తీగతో పరికరం దించి రాతిపొరలను విద్యుత్తుతో కొలవడం. ఇప్పుడు డ్రిల్ బిట్ వెనుకే సెన్సర్లు ఉంటాయి. తీగ అక్కర్లేదు, మడ్‌లో ఒత్తిడి తరంగాలు పుట్టించి, నాడి కొట్టుకున్నట్టు సమాచారం పైకి పంపుతాయి. నాకు అన్నిటికన్నా అద్భుతమనిపించేది ఇదే. బావి పొడవునా దించిన ఆప్టికల్ ఫైబర్ లోపలి వేడినీ శబ్దాన్నీ పసిగడుతుంది.

బావులు తవ్వే రిగ్‌ల తయారీలో హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ పేరు రాసుకోండి. అది దేశీయంగా తయారుచేసిన 1500 హార్స్‌పవర్ రిగ్ 2021లో గుజరాత్‌లోని కలోల్ వద్ద పని మొదలుపెట్టింది. ఇక ఉత్పత్తిలో గుర్తుంచుకోవాల్సింది: కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాక్ నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది 2024 జనవరి 7న.