“మా నాన్న మిరప వేస్తారు” – దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పండి

బొల్లాపల్లి నుంచి ఉద్యోగానికి వెళ్లిన కుర్రాణ్ని ఇంటర్వ్యూలో నాన్న ఏం చేస్తారని అడిగారనుకోండి. మనసులో “మిరప వేస్తారు” అనుకుంటాడు. నోట “మై ఫాదర్ గ్రో చిల్లీస్” అని వస్తుంది. తప్పు మర్యాదలోంచి పుట్టింది. నాన్నను మనం “వేస్తాడు” అనం. ఆ గౌరవ బహువచనం ఇంగ్లిష్‌లోకీ వెంట వచ్చి క్రియ చివరి ‘స్’ను మింగేసింది. ఇంగ్లిష్ క్రియకు గౌరవ రూపం లేదు. నాన్నయినా కలెక్టరైనా ఒక్కరే కనుక “గ్రోస్” అనాలి.

వేస్తాను, వేస్తావు, వేస్తాడు, వేస్తుంది, వేస్తాం, వేస్తారు... ఇన్ని రూపాలు తడుముకోకుండా పలికే మనకు అక్కడ గ్రో, గ్రోస్ రెండే. దీనికి భయపడకండి.

అసలు చిక్కు కాలంతోనే. మన “వేస్తాం” ఏటా వేసేదానికీ వచ్చే ఏడు వేయబోయేదానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మొదటిది “వి గ్రో”, రెండోది “వి విల్ గ్రో”. “వేస్తున్నాం” ఇంకా పెద్ద ఉచ్చు. “ఇప్పుడు మందు కొడుతున్నాం” అంటే “వి ఆర్ స్ప్రేయింగ్”. “ఇరవై ఏళ్లుగా మిరప వేస్తున్నాం” అన్నప్పుడు తెలుగు రూపం మారదు, ఇంగ్లిష్‌లో మాత్రం “వి హావ్ బీన్ గ్రోయింగ్ చిల్లీస్ ఫర్ ట్వంటీ ఇయర్స్” అవుతుంది. “ఇరవై ఏళ్ల నుంచి” అనే అలవాటుతో ఇక్కడ సిన్స్ పెట్టేస్తాం. ఎన్నాళ్లో చెబితే ఫర్, ఏ ఏడాది మొదలైందో చెబితే సిన్స్. కోత విషయానికొస్తే, “ఇప్పుడే కోశాం” అంటే “వి హావ్ జస్ట్ పిక్డ్”, “నిన్న కోశాం” అంటే ఉత్త “పిక్డ్”.

ఒకచోట తెలుగే దారి చూపుతుంది. “నాకు తెలుసు” అంటాం గానీ “తెలుస్తున్నాను” అనం కదా! “ఐ యామ్ నోయింగ్” కూడా అంతే, “ఐ నో” చాలు.

ఈ తేడాలు ఉద్యోగ పరీక్షల్లోనూ పనికొస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలోని 100 ప్రశ్నల్లో 25 ఇంగ్లిష్‌వి. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు రాస్తే అర మార్కు పోతుంది. వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నల్లో ఈ ‘స్’, ఈ సిన్స్, ఫర్‌లే తరచూ ఎదురవుతాయి.

గైడు కొనే ముందు ఓ నోటుబుక్కు తీయండి. అమ్మ రోజూ చేసే పని, ఇప్పుడు చేస్తున్న పని, ఏళ్లుగా చేస్తున్న పని ఇంగ్లిష్‌లో రాసి పైకి చదవండి. “వర్క్స్”లో ‘స్’, “గ్రోస్”లో ‘జ్’ లాంటి శబ్దం, “వాచెస్” చివర ‘ఇజ్’... పక్కగదిలో ఉన్నవాళ్లకూ వినపడాలి.