మరపు యథార్థమా, నటనమా?

ప్రశ్న: హత్యానేరమున పట్టువడినవాడు “నాకేమియు జ్ఞాపకము లేదు” అన్నచో, దానిని నమ్ముట ఎట్లు?

జవాబు: 1959 జూలైలో లండను నగరమున ఒక పోలీసు అధికారిని కాల్చి చంపిన అభియోగమునకు లోనైన గుంటర్ పొడోలా, తన పూర్వజీవితమంతయు మరపున బడినదని చెప్పగా, వైద్యులలో కొందరది నిజమనియు, కొందరు కపటమనియు సాక్ష్యమిచ్చిరి; కాని చెఱనుండి ఒక పాత పరిచితునికి అతడు చనువుగా వ్రాసిన ఉత్తరము జూరీవారి యెదుటికి వచ్చినది. ఆ మరపు నిజము కాదని వారు నిర్ణయించిరి. మరపు నిజమే యైనను, విచారణను గ్రహింపగలవాడు విచారణార్హుడే యని పై న్యాయస్థానము పలికినది.

తలకు దెబ్బ తగిలినపుడు, మద్యము మితిమీరినపుడు కలుగు మరపునకు అంచులు సాధారణముగ మసకగా నుండును. నడుమ నడుమ తునుకలుగా స్మృతులు మిగులును. నేరక్షణములు మాత్రమే కత్తిరించినట్లు లోపించినచో సందేహింపవలెను. ఐనను, తీవ్రోద్వేగమువలనను అట్లు జరుగవచ్చును గనుక, అంతమాత్రమున ఎవనినైనను అసత్యవాది యనుట అన్యాయము.

నాకు మిక్కిలి నచ్చిన పరీక్ష వేఱొకటి: ఘటనాస్థలమునుగూర్చి పెక్కు ప్రశ్నలడిగి, ఒక్కొక్కదానికి రెండేసి సమాధానములిచ్చి ఒకటి యెన్నుకొమ్మందురు. ఏమియు నెఱుగనివానికి సుమారు సగము సరిపడును. సగముకంటె మిక్కిలి తక్కువైనచో, సత్యమెఱిగియే తప్పుకొనుచున్నాడని తలంపవచ్చును. సగము సరిపడినంతమాత్రమున మరపు నిజమని తేలదు.