తాత ఒడి: ప్రహ్లాదుడు, భీష్ముడు మనకి నేర్పే పాఠం

ఈ వారం వీడియోలో వామన చరిత్ర చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక పాత్రని వదిలేశాం. బలి చక్రవర్తి కథలో ఒక తాత ఉన్నాడు. ఆయన ఎవరో కాదు, మన ప్రహ్లాదుడే. ప్రహ్లాదుడు అనగానే మనకి స్తంభం ముందు నిలబడ్డ చిన్న పిల్లాడే గుర్తొస్తాడు. ఆ పిల్లాడే పెద్దవాడై, విరోచనుడికి తండ్రయ్యాడు, బలికి తాతయ్యాడు.

1. వాడిపోని దండ

భాగవతం ఎనిమిదో స్కంధంలో బలి ఇంద్రుడి మీదకి యుద్ధానికి బయల్దేరే ముందు ఒక యాగం చేస్తాడు. రథం, ధనుస్సు, కవచం హోమగుండంలోంచి వస్తాయి. గురువు శుక్రాచార్యుడు శంఖం ఇస్తాడు. మరి తాత ఏమిచ్చాడు? ఎప్పటికీ వాడని పూలదండ. యుద్ధానికి అది ఎందుకూ పనికిరాదు. కానీ గెలిచినా ఓడినా మెడలో ఉండేది అదే. తాతలు ఇచ్చేవి సాధారణంగా ఇలాంటివే. వాటి ఉపయోగం ఇచ్చిన రోజున తెలీదు.

2. ఓడిన రోజున వచ్చినవాడు

తర్వాత కథ మీకు తెలుసు. వామనుడు రెండు అడుగుల్లో అంతా కొలిచేశాడు. బలిని వరుణ పాశాలతో కట్టేశారు. మూడో అడుగు నా తల మీద పెట్టు స్వామీ అని బలి అంటున్నప్పుడే ప్రహ్లాదుడు వచ్చాడు. చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి బలి తాతకి ఎప్పటిలా పూజ చేయలేకపోయాడు. కళ్ళనిండా నీళ్ళతో, సిగ్గుతో తల వంచి నమస్కరించాడు.

ఇప్పుడు తాత ఏమన్నాడో చూడండి. "నేను ముందే చెప్పానా" అనలేదు. మనవడిని విడిపించమని బేరం కూడా ఆడలేదు. ఇచ్చింది నువ్వే, తీసుకున్నది నువ్వే, ఇది వీడి మీద నీ అనుగ్రహమే అని స్వామికి మొక్కాడు.

చివర్లో స్వామి ప్రహ్లాదుడికి ఒక మాట చెబుతాడు. నువ్వు సుతలానికి వెళ్ళి, నీ మనవడితో సంతోషంగా ఉండు అని. అంత గొప్ప భక్తుడికి భగవంతుడు చూపించిన చోటు మనవడి దగ్గర! నాకు ఈ ఘట్టంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

3. దుమ్ము కొట్టుకున్న అర్జునుడు

ఇంకో తాత భీష్ముడు. కురుక్షేత్రంలో తొమ్మిదో రోజు రాత్రి, తనని ఎలా పడగొట్టాలో భీష్ముడే పాండవులకి చెప్పి పంపిస్తాడు. తిరిగి వచ్చాక అర్జునుడు కృష్ణుడితో తన చిన్నతనం చెప్పుకుని బాధపడతాడు. ఆడుకుని ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి ఆయన ఒడి ఎక్కేవాడిని, "తాత" అని పిలిచేవాడిని, నేను మీ నాన్నని కాదురా, మీ నాన్నకి నాన్నని అనేవాడు, ఆయన్ని ఎలా చంపను అంటాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. సంస్కృతంలో "తాత" అంటే తండ్రి. తండ్రి లేని ఆ పసివాడు ముసలాయన్ని నాన్నా అని పిలుస్తున్నాడన్నమాట. మన తెలుగులో అదే మాట నాన్నకి నాన్న అయి కూర్చుంది!

అన్ని అస్త్రాలు తెలిసిన అర్జునుడి చెయ్యి వెనక్కి లాగింది ఏ ఉపదేశమూ కాదు. చిన్నప్పుడు ఎక్కిన ఒడి.

4. మరి మన ఇళ్ళల్లో?

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. సన్న ఖాదీకి పేరున్న ఊరు. మా నాన్న నేత పని చేస్తారు. ఇప్పుడాయన తాత. మా అక్క కొడుక్కి నాలుగేళ్ళు, వాళ్ళుండేది బెంగళూరులో. ఏడాదికి రెండుసార్లు, వచ్చినప్పుడల్లా ఒక వారం ఉంటారు. నా సాఫ్ట్‌వేర్ బుర్రతో లెక్కేశాను. పిల్లాడికి పన్నెండేళ్ళు వచ్చేదాకా 8 ఏళ్ళు, ఏడాదికి 14 రోజులు. మొత్తం 112 రోజులు. నాలుగు నెలలు కూడా లేదు. ఆ తర్వాత వాడికి ఒడి పట్టదు.

మిగతా రోజులకి వీడియో కాలే దిక్కు. మొదట్లో "అన్నం తిన్నావా, స్కూల్‌కి వెళ్ళావా" అని రెండు ప్రశ్నలయ్యేసరికి వాడు పారిపోయేవాడు. ఒకరోజు నాన్న ఏమీ అడక్కుండా ఫోన్‌ని మగ్గం పక్కన ఆనించి, తన పని తాను చేసుకుంటూ కూర్చున్నారు. నాడె అటూ ఇటూ వెళ్తుంటే వీడు కదల్లేదు. "తాతా, అదేటి?" అన్నాడు. ప్రశ్నలు అటువైపు నుంచి మొదలయ్యాయి.

సెలవులకి వచ్చినప్పుడు నాన్న వాడిని పక్కింటి మామ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నని పళ్ళకి పత్తిలోని చెత్త పోయి, పోగులు చక్కగా సాగుతాయి. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, రాట్నం మీద వడుకుతారు. చేప పళ్ళతో బట్ట ఏంటని వాడికి ఒకటే ఆశ్చర్యం. తాత ఒళ్ళో కూర్చుని గంటసేపు చూశాడు. ఆ గంటలో నాన్న నీతులేమీ చెప్పలేదు. కానీ ఓపిక అంటే ఎలా ఉంటుందో వాడు కళ్ళతో చూశాడు.

ఈ వారం సాధన

* ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ తాతకి ఫోన్ కలపండి. మాట్లాడమని పిల్లల్ని బలవంతపెట్టకండి. తాత ఏ పని చేసుకుంటుంటే అది చూపించమనండి: మొక్కలకి నీళ్ళు పోయడం, దీపం వత్తులు చేయడం, ఏదైనా.
* తాతకి తెలిసిన ఒక కథ ఆయన నోటితోనే చెప్పించండి. మా వీడియో తర్వాత చూడొచ్చు, ఫర్వాలేదు.
* పిల్లలు తప్పు చేసిన రోజున తాత దగ్గరికి వెళ్తే ఆపకండి. బలికి ప్రహ్లాదుడు కావల్సింది ఆ రోజునే.
* మీ తాతగారు ఉన్నారా? అయితే ఈ వ్యాసం మీకోసం కూడా. వయసు పెరిగినా మనవళ్ళు మనవళ్ళే.

వాడిపోని దండ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అది పిల్లల మెడలో పడే వీలు మనం కల్పించాలి, అంతే. శుభం భూయాత్.