దుబాయి విజిట్ వీసా: వెల్గటూర్ ప్రయాణికులు అడిగే ప్రశ్నలు

వెల్గటూర్, ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు (ఇకపై ‘యూఏఈ’) వెళ్లేవారికి ఈ సమాధానాలు ఉద్దేశించినవి. ఇక్కడ ‘విజిట్ వీసా’ అంటే సందర్శన కోసం మాత్రమే ఇచ్చే ప్రవేశ అనుమతి. ‘ఉద్యోగ వీసా’ అంటే పని చేయడానికి ఇచ్చేది. ‘క్లియరెన్స్’ అంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద భారత ప్రభుత్వం ఇచ్చే అనుమతి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు విమానయాన సంస్థ వద్ద మరోసారి ధ్రువీకరించుకోవాలి.

1. కొడుకును చూడటానికి వెళ్తున్నాను. ఏమేం ఉండాలి?

కనీసం 6 నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు, ముందుగానే పొందిన విజిట్ వీసా, తిరుగు టికెట్ ఉండాలి. బస చిరునామా, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు ఆధారం అడగవచ్చు. కొడుకు ఇంట్లో దిగుతుంటే ఆయన ఎమిరేట్స్ ఐడీ నకలు, అద్దె ఒప్పందం నకలు దగ్గర ఉంచుకోవాలి. ఇవి చూపలేకపోతే శంషాబాద్ విమానాశ్రయంలోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

2. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఇబ్బందా?

పేరు గడిలో కూడా ఒకే పేరు ఉంటే ఇబ్బందే. మన పల్లెల్లో ఇది చాలామందికి ఉన్న సమస్య. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని విజిట్ వీసాపై అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరు లేదా కుటుంబం పేరు ఉంటే అంగీకరిస్తామని తర్వాత వివరణ ఇచ్చింది. ఆ మినహాయింపుపై ఆధారపడేవారు విమానయాన సంస్థను ముందే అడగాలి. వ్యవధి ఉంటే ఇంటిపేరు చేర్పించి పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకోవడం క్షేమం.

3. నాది ఈసీఆర్ (క్లియరెన్స్ అవసరమైన) పాస్‌పోర్టు. క్లియరెన్స్ కావాలా?

నిజంగా సందర్శనకే వెళ్తుంటే, విజిట్ వీసా, తిరుగు టికెట్ ఉంటే అక్కర్లేదు. పనికి వెళ్తుంటే తప్పనిసరి. యూఏఈ, సౌదీ అరేబియా, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ సహా 18 దేశాలకు ఈ నియమం వర్తిస్తుంది. పదో తరగతి పాసైనవారు ఆ ధ్రువపత్రంతో నాన్-ఈసీఆర్ పాస్‌పోర్టుకు అర్హులు.

4. “విజిట్ వీసా మీద పో, అక్కడ కంపెనీ వీసా కొట్టిస్తా” అంటున్నాడు ఏజెంటు. పోవచ్చా?

పోవద్దని నా సలహా. విజిట్ వీసాపై పని చేయడం యూఏఈలో చట్టవిరుద్ధం. పని చేసే అనుమతి (పర్మిట్) లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి 1,00,000 నుంచి 10,00,000 దిర్హమ్‌ల దాకా జరిమానా వేసేలా 2024లో చట్టం సవరించారు. అక్కడికి వెళ్లాక ఉద్యోగం దొరికి, విజిట్ వీసాను ఉద్యోగ వీసాగా మార్చుకునే వీలు ఉన్నమాట నిజమే. అయితే పర్మిట్ చేతికి వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని చేయకూడదు. ఏజెంట్లు ఈ షరతు చెప్పరు.

ఈ దారిలో వెళ్లినవారి ఒప్పందం భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదు కాదు. క్లియరెన్స్‌తో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన రక్షణ ఉండదు. ఆ బీమా ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు ఇస్తుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. జీతం అందక, విజిట్ వీసా గడువు తీరి, మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అనే, చెల్లే కాగితాలు లేని స్థితిలో పడేది ఎక్కువగా ఈ దారిన పోయినవారే.

5. ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి సేవా రుసుము తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఏజెంటు నమోదు సంఖ్యను ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు సొంత నమోదు లేకపోతే అతనికి డబ్బు కట్టవద్దు.

6. 30 రోజుల విజిట్ వీసా గడువును ఎలా లెక్కించాలి?

ప్రవేశించిన రోజునే మొదటి రోజుగా లెక్క వేసుకోండి. మార్చి 1న దిగితే మార్చి 30లోపు బయలుదేరాలి. ప్రవేశానికి చివరి తేదీ వేరు, ఉండే రోజులు వేరు. రెండూ వీసా కాగితం మీద విడిగా చూసుకోవాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. ఇలా గడువు మీరినవారికి యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా క్షమాభిక్ష ఇచ్చింది. మళ్లీ ఇస్తుందని నమ్మి ఆగిపోవద్దు.

7. సంచిలో ఏవి పెట్టకూడదు?

గసగసాలు. యూఏఈలో అవి నిషిద్ధం. కోడికూర కోసం అమ్మ దంచి, పొట్లం కట్టి ఇచ్చిన మసాలాలో గసగసాలు కలిసి ఉంటే ఆ పొట్లం ఇంట్లోనే వదిలేయాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులకు అక్కడి ఆరోగ్యశాఖ ముందస్తు అనుమతి కావాలి. ఆర్‌ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన విడి మాత్రలు అసలే వద్దు. ఏ మందైనా డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగులోనే తీసుకెళ్లాలి. “మా తమ్ముడికి ఇవ్వు” అని ఎవరైనా ఇచ్చిన సంచిని విప్పి చూడకుండా పట్టుకెళ్లవద్దు. దొరికితే జవాబు చెప్పాల్సింది మోసినవారే.

8. అక్కడ పాస్‌పోర్టు లాక్కున్నా, పోలీసులు పట్టుకున్నా?

1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. పనిలో పెట్టుకున్న యజమానికి దాన్ని ఉంచుకునే హక్కు లేదు. అరెస్టయితే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇస్తుంది. అర్థం కాని అరబీ కాగితంపై సంతకం చేయవద్దు, అనువాదకుణ్ణి అడగండి. 2005 నాటి ఒక కేసులో అక్కడ శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు కొందరు 2024లో గాని ఇల్లు చేరలేదు. కాబట్టి మొదటి రోజునే కాన్సులేట్‌కు కబురు అందాలి. యూఏఈలో భారతీయుల సహాయ కేంద్రం ఉచిత నంబరు 80046342.

9. ఏజెంటు మోసం చేస్తే?

రసీదు, బ్యాంకు చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సందేశాలతో ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. మోసానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 వర్తిస్తుంది. కేసు నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి పోస్టు ద్వారా రాతపూర్వకంగా పంపి, రసీదు దాచుకోవాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలిస్తే వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వెళ్లాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితేనే మినహాయింపు.

బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు, ఏజెంటు రసీదు ఒక కవరులో పెట్టి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మీకు ఆపద వస్తే మీవాళ్లు ఫిర్యాదుకు తీసుకెళ్లాల్సింది ఆ కాగితాలే.