పాతపెట్టె కొనుటా? క్రొత్తపెట్టె బాడుగకు తెచ్చుటా?



ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. కొమ్ములకు పూసిన రంగును చూచి సొమ్ము చెల్లించువాడు మన పల్నాటిలో లేడు. అంతటి జాగ్రత్తగల రైతే ఉపగ్రహ టెలివిజను పెట్టెను కొనునప్పుడు మాత్రము అంగడివాడు చెప్పిన ధర యొక్కటే విని దానిని సంచిలో వేసికొని వచ్చుచున్నాడు. ఒకరు వాడిన పాతపెట్టెను చౌకగా కొనుట మేలా, లేక క్రొత్తపెట్టెను నెలబాడుగకు తెచ్చికొనుట మేలా యని మాచవరము సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. దీనికి ఒక్కమాటలో జవాబు లేదు, లెక్క మాత్రమున్నది. ఆ లెక్కను వేసికొను విధమును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఇది కేవలము వినోదపు విషయమని త్రోసివేయరాదు. 2021లో మిరపతోటలపై నల్లతామర పురుగు వచ్చిపడినప్పుడు, దాని పేరు గూడ మనలో ననేకులకు తెలియదు. పువ్వులో దాగియుండి పూతను పాడుచేయు ఆ పురుగునకు, ఎవరేది చెప్పిన నా మందును కొట్టి అప్పులపాలైన వారు కలరు. తుపాను హెచ్చరికయు, పురుగు గుర్తులును ఇంటిలోనే సకాలమున చూడగలిగిన రైతునకు ఒక మందుకొట్టు ఖర్చు మిగిలినను లాభమే. ఆంధ్రప్రదేశమునకు దూరదర్శను సప్తగిరి ఛానెలు 2014లోను, రైతులకై దేశమంతటికిని డీడీ కిసాన్ 2015 మే 26వ తేదీనను ఏర్పడినవి. వీనిని చూచుటకు ఎంత ఖర్చుపెట్టవలెను, ఎట్లు పెట్టవలెను అనునదే మన ప్రశ్న.

1. తాళములేని పెట్టె, తాళమున్న పెట్టె

భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహము నుండి వచ్చు తరంగములను మన యింటిపై డిష్ పట్టును. డిష్ ముందర కొమ్మకు బిగించిన ఎల్.ఎన్.బి. వానిని తీగలోనికి పంపును. ఇంటిలోని రిసీవరు పెట్టె ఆ తరంగములను విప్పి బొమ్మగా మార్చును. ఇంతవరకు అన్ని పెట్టెలును ఒక్కటే. భేదమంతయు తాళములో నున్నది.

ప్రసారభారతి వారి డీడీ ఫ్రీడిష్ తాళములేని సేవ. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేరుతో ఇది మొదలైనది. దీనికి నెలసరి రుసుము లేదు. పెట్టె ఎవరిచేతికి మారినను పనిచేయును. తక్కిన డీటీహెచ్ సంస్థల సేవ తాళముగలది. ఆ పెట్టెలోని కార్డో, సంఖ్యయో ఒక చందాదారుని పేర సంస్థవారి లెక్కలలో వ్రాయబడియుండును. వారు అచ్చట మీట నొక్కిననే ఇచ్చట బొమ్మ వచ్చును. ఒక సంస్థ పెట్టెతో మరియొక సంస్థ సేవను చూడ వీలుకాదు. కనుక తాళమున్న పాతపెట్టెను కొన్నవాడు ఇనుమును, ప్లాస్టిక్కును కొన్నాడే గాని తాళపుచెవిని కొనలేదు.

ఈ సంగతి మేము సొమ్ము పోగొట్టుకొని నేర్చికొంటిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణపు అంగడిలో పాతపెట్టె నొకదానిని చౌకగా కొంటిమి. అంగడిలో దీపము వెలిగినది, చాలునని తెచ్చితిమి. ఇంట బిగింపగా తెరపై బొమ్మకు బదులు కార్డు చెల్లదను మాట కనబడెను. సంస్థకు టెలిఫోను చేయగా, అది వేరొకరి పేర నున్నదనియు, వారి సమ్మతి లేనిదే మార్చమనియు చెప్పిరి. ఆ వేరొకరెవరో అంగడివానికే తెలియదు. ఆ పెట్టె నేటికిని మా యింటి అటుకపై నున్నది. తప్పు సంస్థది కాదు, అడుగవలసిన ప్రశ్నను అడుగని మాదే.

2. ఎరువు సొమ్ము సంగతి

బాడుగ యనగానే చెడ్డదని తలపవలదు. మన దేశమున పల్లెలకు ఉపగ్రహ టెలివిజను వచ్చినదే ఎరువు సొమ్ముతో. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము ఒక యేడాది మాత్రము మనకు ఈయబడెను. ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములలో సంఘమంతటికిని ఒక్కొక్క టెలివిజను పెట్టిరి. కోళ్లగూళ్లకు వాడు ఇనుపజాలితో పదియడుగుల డిష్‌ను చేసిరి. సాయంకాలము తెలుగులో సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములు చూపిరి. గడువు తీరినది, ఉపగ్రహము తరలిపోయినది. కాని ఆ యొక్క యేటి అనుభవముతో మన దేశము నేర్చినది చాల కలదు. 1983లో ఇన్సాట్-1బి మన సొంత ఉపగ్రహముగా పైకి పోయెను.

నేడు గొప్ప సంస్థలును బాడుగకు తీసికొనుచునే యున్నవి. 2022 జూన్ నెలలో పైకి పంపిన జీశాట్-24 ఉపగ్రహము భారత ప్రభుత్వ సంస్థయైన ఎన్.ఎస్.ఐ.ఎల్. వారిది. దాని సామర్థ్యమునంతను టాటా ప్లే వారు బాడుగకు తీసికొనిరి. కొనవలసినదేది, కౌలుకు తీసికొనవలసినదేది యని వారు లెక్కవేసికొనిరి. మనమును అట్లే చేయవలెను.

3. మూడేండ్ల లెక్క

ఈ క్రింది ధరలు లెక్క నేర్పుటకై మేము ఊహించినవి. మీరు పిడుగురాళ్లలో విచారించిన ధరలను వీని స్థానమున వేసికొనుడు. వడ్డీ మాత్రము మనకు తెలిసిన రూపాయి వడ్డీ, అనగా నెలకు నూటికి ఒక రూపాయి. మన చేతి సొమ్మైనను వడ్డీ కట్టవలెను. ఏలయన ఆ సొమ్ము సంఘములో నున్నచో మనకు వడ్డీ తెచ్చెడిదే గదా.

పాతపెట్టె: ధర 700 రూపాయలు, డిష్ మార్చి బిగించుటకు 350, మొత్తము 1,050. దీనిపై 36 నెలల వడ్డీ 378. మూడేండ్లలో రెండు మరమ్మతులకు 500. వెరసి 1,928 రూపాయలు.

బాడుగపెట్టె: బిగింపు 350, నెలకు 50 చొప్పున 36 నెలల బాడుగ 1,800. తిరిగివచ్చు ధరావతు 500. ధరావతుపైనను బిగింపు ఖర్చుపైనను వడ్డీ 306. మరమ్మతు యజమానిదే. వెరసి 2,456 రూపాయలు.

మూడవ దారి, క్రొత్తపెట్టెను కొనుట: బిగింపుతో 1,800. వడ్డీ 648. గ్యారంటీ గడువు తీరినపిమ్మట ఒక మరమ్మతు 250. మొత్తము 2,698. మూడేండ్ల తరువాత 600కు అమ్మినచో మిగులు ఖర్చు 2,098 రూపాయలు.

పాతపెట్టెయే గెలిచినట్లు కనబడుచున్నది. కాని క్రొత్తదానికిని దానికిని భేదము మూడేండ్లకు 170 రూపాయలే. నెలకు ఐదు రూపాయలైనను లేదు. ఆ పాతపెట్టె రెండవ యేట చచ్చి మరియొక పాతపెట్టెను 700కు కొనవలసివచ్చినచో ఖర్చు 2,628కి పోవును. అప్పుడు మూడింటిలో అదియే మిక్కిలి ప్రియమైనది. పాతపెట్టె బ్రతికినంతకాలమే చౌక.

గడువు తక్కువైనచో లెక్క తిరుగబడును. ఆరు నెలలు మాత్రము అద్దెయింట నుండువానికి బాడుగపెట్టె 350, 300, వడ్డీ 51, వెరసి 701 రూపాయలు. అతడు క్రొత్తది కొని ఆరు నెలలకు 1,000కి అమ్మినను, వడ్డీతో గూడ 908 రూపాయలు నష్టపడును. కనుక స్థిరముగా నుండువాడు కొనవలెను. కదలువాడు బాడుగకు తీసికొనవలెను.

ఈ లెక్కలో ఇంకను చేరని దొకటి కలదు. అది తాళమున్న పెట్టెకు నెలనెలా వేయవలసిన మేత. 2019 ఫిబ్రవరి నుండి అమలైన పద్ధతిలో నూరు ఛానెళ్లకు మూలరుసుము నెలకు 130 రూపాయలకు మించరాదని ట్రాయి హద్దు పెట్టెను. 18 శాతము పన్నుతో అది 153 రూపాయల 40 పైసలు. మూడేండ్లకు 5,522 రూపాయల 40 పైసలు. రుసుముగల ఛానెళ్ల ధర దీనికి అదనము. 2024లో ఆ హద్దును తీసివేసి రుసుమును సంస్థలకే విడిచిరి. పెట్టె ధరలో నూరు రూపాయలు తగ్గించుటకు గంటసేపు బేరమాడి ఈ రుసుమును అడుగనివాడు, ఎద్దును చౌకగా కొని మేతను మరచినవానితో సమానుడు.

4. పాతపెట్టెను పరీక్షించు విధము

ఒకటి: పెట్టె తాళములేనిదా, తాళముగలదా అడుగుడు. తాళముగలదైనచో అమ్మువాని ఎదుటనే సంస్థకు టెలిఫోను చేయించి, బాకీ లేదనియు పేరు మార్తురనియు వినినగాని సొమ్మీయవలదు. అది సంస్థవారి బాడుగసొత్తు కాదని గూడ తెలిసికొనుడు. బాడుగసొత్తును అమ్ము హక్కు ఎవరికిని లేదు.

రెండు: అది ఎమ్‌పెగ్-2 పెట్టెయా, ఎమ్‌పెగ్-4 పెట్టెయా కనుగొనుడు. పాత ఎమ్‌పెగ్-2 పెట్టె, ఎమ్‌పెగ్-4 పద్ధతిలో వచ్చు ఛానెళ్లను విప్పజాలదు. మీకు కావలసిన సప్తగిరియో, కిసానో తెరపై చూపుమనుడు.

మూడు: గంటసేపు నడిపించి చేతితో తాకి చూడుడు. అతిగా కాగినను, తనంతట ఆరిపోయి వెలిగినను వదలివేయుడు. అడాప్టరు ఆ పెట్టెదేనా చూడుడు. మూత తీసిన గుర్తులును, మరలకు తుప్పును ఉన్నచో ధర తగ్గించుటగాదు, బేరమే మానుడు.

నాలుగు: డిష్ వంగియున్నదా చూడుడు. ఫ్రీడిష్ వచ్చు జీశాట్-15 ఉపగ్రహము తూర్పు 93.5 డిగ్రీలకడ నున్నది. మాచవరము నుండి చూడ అది ఆగ్నేయదిక్కున, నేలనుండి సుమారు 65 డిగ్రీల ఎత్తున నుండును. టాటా ప్లే ఉపగ్రహములు 83 డిగ్రీలకడ నుండుటచే దాదాపు దక్షిణముగా నుండును. కనుక సేవ మారినచో డిష్ త్రిప్పవలెను. ఆ కూలిని లెక్కలో వేసికొనుడు. ఆ దిక్కున వేపయో, చింతయో అడ్డమున్న బొమ్మ రాదు.

ఐదు: జోరువానలో బొమ్మ చెదరుట పెట్టె తప్పు కాదు. ఈ తరంగములను వాన మ్రింగును. కనుక తెరపియైన దినముననే పరీక్షింపుడు.

5. బాడుగ కాగితమున చూడవలసినవి

డీటీహెచ్ సంస్థలు పెట్టెను రొక్కపు కొనుగోలుకు, వాయిదాల కొనుగోలుకు, బాడుగకు ఈయవలెనని ట్రాయి 2007లోనే నిబంధన చేసెను. వాయిదాలకును బాడుగకును భేదమెరుగుడు. వాయిదాలు తీరగానే పెట్టె మీది. బాడుగ పదియేండ్లు కట్టినను పెట్టె వారిదే. పొలము కౌలునకు తీసికొనునప్పుడు గట్టు ఎవరు వేయవలెను, గడువు ఎప్పుడు తీరునని అడుగుదుము గదా. ఇచ్చటను అట్లే అడుగుడు. మరమ్మతు ఎవరిది? పిడుగుపాటుకు కాలినచో నష్టమెవరిది? గడువు కన్న ముందు తిరిగి ఇచ్చినచో ధరావతు ఎంత తిరిగివచ్చును? బాడుగ పెంచు హక్కు వారికున్నదా? జవాబు నోటిమాటగా వలదు, కాగితముపై నుండవలెను. చదువురానివారు సంఘమునకు తెచ్చి చదివించుకొనినగాని సంతకము చేయవలదు.

6. సంఘము చేయదగిన పని

ఒంటరిగా పోయినవాడు అంగడివాని ధరకు కొనును. పదిమంది కలిసి ఒకే మాదిరి తాళములేని క్రొత్తపెట్టెలను సంఘముద్వారా కొనినచో ధర తగ్గును. రసీదు, గ్యారంటీ కాగితము సంఘమున భద్రముగ నుండును. పది యిండ్లకు ఒక అడాప్టరును అదనముగా ఉంచుకొనవచ్చును. సంఘము గదిపై ఒక డిష్‌ను బిగించి, పాతపెట్టెను కొనదలచిన సభ్యుడు సొమ్ము చెల్లింపకముందే అచ్చట పరీక్షించుకొను ఏర్పాటు చేసినచో మా అటుకపైని పెట్టెవంటివి మరి రెండవ యింటికి రావు. పంటరుణమును మాత్రము ఈ పనికి ఖర్చుపెట్టవలదు. విత్తనము సొమ్ముతో పెట్టె కొన్నవాడు అందులో సేద్యపు పాఠములు చూచును గాని చల్లుటకు విత్తనముండదు.

మా మాట యిది. తాళములేని సేవతో తృప్తిపడువాడు క్రొత్తపెట్టెను కొనుట మేలు. చక్కగా పరీక్షించిన పాతదియైనను తగును. తాళమున్న సేవ కావలసినవాడు పాతపెట్టె జోలికి పోక, గడువును రుసుమును ఎరిగి క్రొత్తదానిని బాడుగకో వాయిదాలకో తీసికొనవలెను. ధర ఎంత యని అడుగుటకు ముందు తాళపుచెవి ఎవరిచేత నున్నదని అడుగుడు.

సభ్యులు కూడినప్పుడు ఆలోచింపదగిన ప్రశ్నలు

(1) మీ యింటిపెట్టె కొనుగోలుదా, వాయిదాలదా, బాడుగదా? కాగితము మీయొద్ద నున్నదా?

(2) గడచిన యేడాది రీఛార్జికి మీరిచ్చిన మొత్తమెంత? అందులో మీరు నిజముగా చూచు ఛానెళ్లెన్ని?

(3) మన యూరి ధరలతో పైలెక్కను తిరుగవేసిన మూడు దారులలో ఏది చౌక? ఆ పెట్టె రెండవ యేట చెడినచో ఏది చౌక?